64 సెకన్ల బొబ్బరి మొలక

ఇది కొంచెం పొడుగు రాత. తీరిక దొరికినప్పుడు చదవండి. రెండు మూడుసార్లుగా చదివినా పరవాలేదు.

పోయిన నెల సంఘం హాల్లో మా పిల్లలు తీసిన 64 సెకన్ల సినిమా వేశాం కదా. అప్పటి నుంచి రోజుకు ఒకరిద్దరు ఫోన్ చేసి ఎట్ల తీసిండ్రు, ఏ యాపు, ఖర్చెంత అని అడుగుతున్నారు. ఒక పెద్దాయన మాత్రం, "యూట్యూబుల ఇసువంటివి మస్తుగున్నయి గదా, మీరు మల్ల తీసుడెందుకు?" అన్నారు. ఆయన తప్పుగా అనలేదు. మొక్క మొలకెత్తే సినిమాలు అందులో నిజంగానే బోలెడున్నాయి, మా దానికంటే చాలా బాగున్నాయి కూడా. అయినా మేమెందుకు తీశామో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఇల్లు మీలో చాలామందికి తెలుసు, సాఖర్‌పేట దగ్గర. మా ఇద్దరిలో ఒకరిది కార్ఖానాలో జకార్డు సాంచాల మీద పని, ఇంకొకరిది ఇంట్లో కుట్టుమిషను. పెద్దోడికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఎనిమిది. మాతో పాటు అవ్వ ఉంటుంది. కరీంనగర్ వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని షోలాపూర్ వచ్చి, 40 ఏళ్ళు బీడీలు చుట్టి, ఇప్పుడు కళ్ళు మసకై ఇంట్లో కూర్చుంది. ఇంట్లో అందరం ఆమెను అవ్వ అనే పిలుస్తాం.

మా ఇంట్లో తెలుగు చచ్చిపోలేదు గాని, ఒక పక్క నుంచే నడిచేది. అవ్వ తెలుగులో అడుగుతుంది, పిల్లలు మరాఠీలో జవాబు చెప్తారు. అవ్వకు మరాఠీ రాక కాదు, బజారులో బేరమాడేటంత వచ్చు. కానీ మనవడితో బేరం లేదు కదా, మాట కావాలి. రాను రాను ఆ మరాఠీ జవాబులు కూడా "హో", "నాహీ" దగ్గర ఆగిపోయాయి. ఒక రోజు అన్నం పెడుతుంటే, "నేను మాట్లాడేది గోడకు ఇనబడ్తుంది, పోరగాండ్లకు ఇనబడ్తలేదు" అంది. నవ్వుతూనే అంది. మాకు మాత్రం ముద్ద దిగలేదు.

అదే రోజుల్లో మన సంఘం మీటింగులో పిల్లల గురించి పెద్ద చర్చ జరిగింది, గుర్తుందా? పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొద్దని ఒక మాట. ఆదివారం తెలుగు క్లాసు పెట్టాలని ఇంకో మాట. క్లాసు పెట్టాం. మొదటి ఆదివారం హాలు నిండింది. నాలుగో ఆదివారానికి ముగ్గురు మిగిలారు. అందులో ఇద్దరు మావాళ్ళే, అదీ మేం చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చినవాళ్ళు. చెప్పేవాళ్ళ తప్పేమీ లేదు, ఓపికగా చెప్పారు. అ ఆ ఇ ఈ దిద్దించడం, పద్యం బట్టీ పట్టించి స్టేజి మీద నిలబెట్టడం, చప్పట్లు కొట్టి ఒక స్టీలు డబ్బా బహుమతి ఇవ్వడం, ఇదే మనకు తెలిసిన దారి. ఆ స్టీలు డబ్బాలు మా ఇంట్లోనూ నాలుగున్నాయి. వాటిలో పోపు గింజలు పోసుకుంటున్నాం. పద్యాలు మాత్రం పిల్లల దగ్గర మిగల్లేదు.

సినిమా సంగతి మొదలైంది పై ఫ్యాను దగ్గర.

ఎండాకాలం సెలవులు. మన ఊళ్ళో మే నెల అంటే చెప్పేదేముంది, మధ్యాహ్నం గడప దాటలేం. పెద్దోడు నేల మీద పడుకుని తిరుగుతున్న ఫ్యానును ఫోనుతో తీశాడు. తీసింది చూస్తే ఫ్యాను ఒక చోట మెల్లగా వెనక్కి తిరుగుతోంది. పైకి చూస్తే ముందుకే, ఫోనులో వెనక్కి. ఎందుకని అడిగాడు. మాకు తెలియదు. తెలియదనే చెప్పాం. అందరం కూర్చుని వెతికాం.

సంగతేమిటంటే, ఫోను ఆగకుండా చూడదు. సెకనుకు 30 విడి ఫొటోలు తీసి వాటిని వరసగా చూపిస్తుంది. ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య ఫ్యాను రెక్క తిరిగి పక్క రెక్క ఉన్న చోటికి కొంచెం తక్కువగా వచ్చి ఆగిందనుకోండి, మూడు రెక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి, మన కంటికి అదే రెక్క కాస్త వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. అట్లా వరసగా జరిగితే ఫ్యాను ఉల్టా తిరిగినట్టే. సినిమా అంతా విడి విడి బొమ్మలేనని అప్పుడు పిల్లలకు అర్థమైంది. మాక్కూడా, నిజం చెప్పాలంటే.

ఆ వారం ఇంట్లో కాగితం కత్తిరింపులే. అట్టముక్క గుండ్రంగా కోసి, ఒక పక్క పిట్ట, ఇంకో పక్క పంజరం గీసి, రెండు వైపులా నూలు కట్టి మెలితిప్పి వదిలితే పిట్ట పంజరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. పంజరాన్ని తలకిందులుగా గీయాలి, అది గుర్తుపెట్టుకోండి, మేం మూడు అట్టలు పాడుచేశాక తెలిసింది. పాత రసీదు పుస్తకం వెనక పేజీల మీద ఎగిరే గాలిపటం గీసి బొటనవేలితో గబగబా జార్చాం. తర్వాత గుండ్రటి మిఠాయి డబ్బా తీసుకుని, పైన నల్లకాగితం అంచు కట్టి, అందులో 12 సన్నటి చీలికలు కోసి, లోపల 12 బొమ్మల పట్టీ పెట్టి తిప్పాం. చీలికల్లోంచి చూస్తే దూకే కప్ప. పైనుంచి చూస్తే గీతల కలగాపులగం. చీలికకూ చీలికకూ మధ్య నల్లకాగితం అడ్డం వస్తుంది చూశారా, ఆ అడ్డం ఉంటేనే ఒక్కో బొమ్మ విడిగా కంటికి అందుతుంది. విడిగా అందిన బొమ్మల్ని కలిపి కదలికగా చేసే పని మన మెదడుది. పూణెలో అరవింద్ గుప్తా గారు పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించి, ఒకటి రెండు నిమిషాల చిత్రాలుగా తీసి అందరికీ ఉచితంగా పెట్టారు. ఇసువంటివి అందులో వందల కొద్దీ దొరుకుతాయి. పైసా ఖర్చు లేదు.

కార్ఖానాకు వారం సెలవు వచ్చిన రోజు పిల్లలను తీసుకెళ్ళి జకార్డు చూపించాం. మనోళ్ళకు ఇది కొత్త కాదు, కానీ మన పిల్లలెంతమంది దగ్గరగా చూశారు? బయటి నుంచి టకటక శబ్దం వినడమే. పైన కట్టిన అట్టల దండ చూపించాం. చిల్లులు పొడిచిన అట్టలు, ఒకదానికొకటి దారంతో కుట్టి ఉంటాయి. నాడె ఒకసారి అడ్డంగా పోయి పేక పోగు పడేటప్పుడు, ఏ పడుగు పోగులు పైకి లేవాలో ఆ వరస అట్ట చెప్తుంది. చిల్లి ఉన్న చోట పోగు లేస్తుంది, చిల్లి లేని చోట లేవదు. ఒక్కో అట్టకు ఒక్కో పేక పోగు. అట్లా వందల అట్టలు తిరిగితే చద్దరు మీద ఒక నెమలి తయారు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన కట్టిన పద్ధతి ఇది. కొత్త సాంచాలకు అట్టలు కూడా పోయాయి, కంప్యూటరే చెప్తుంది. మా కార్ఖానాలో పాతవి రెండు ఇంకా మిగిలున్నాయి.

చిన్నది దండను చాలాసేపు చూసి, "పప్పా, హే తర్ పిక్చరచ్ ఆహే" అంది. ఇది సినిమానే కదా, అని. మేం రోజూ చూసే అట్టలే, ఇన్నేళ్ళలో మాకు ఆ మాట తట్టలేదు. వాళ్ళ తాత ఆ సాంచాల మీదే చేశాడని చెప్తే పెద్దోడు అట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క చిల్లి తప్పు పడితే ఏమవుతుందని అడిగాడు. దండ తిరిగిన ప్రతిసారీ నెమలికి అదే చోట అదే మచ్చ పడుతుందని చెప్పాం. ఈ మచ్చ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక దాదాసాహెబ్ ఫాల్కే. మహారాష్ట్రలో ఉంటూ ఆయన పేరు వినని వాళ్ళు లేరు. 1913లో రాజా హరిశ్చంద్ర తీసినాయన, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టినాయన. కానీ దానికి ముందు ఆయన తీసిన బుల్లి చిత్రం సంగతి మాకు ఈ సెలవుల్లోనే తెలిసింది. జీవిత బీమా పాలసీలు తాకట్టు పెట్టి లండన్ వెళ్ళి, పని నేర్చుకుని, 1912లో కెమెరా కొనుక్కుని వచ్చారు. సినిమా తీస్తానంటే డబ్బు పెట్టేవాడు కావాలి. నమ్మేదెవరు? అప్పుడాయన కుండీలో బఠాణీ గింజలు నాటి, ఎదురుగా కెమెరా పెట్టి, నెల రోజులకు పైగా కొంచెం కొంచెంగా తీశారు. గింజ మొలకై, మొలక తీగై పాకడం అంతా నిమిషం పైచిలుకు సినిమా. అంకురాచీ వాఢ్ అని పేరు. అది చూపించి డబ్బు సంపాదించారు. ఆయన భార్య సరస్వతీబాయి చీకట్లో కూర్చుని ఫిల్ముకు అంచున చిల్లులు పొడిచేవారట. చిల్లులు అనగానే చిన్నది, "మన అట్టల లెక్క!" అని అరిచింది. అదీ తెలుగులోనే అరిచింది. మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం గాని ఏమీ అనలేదు. అంటే మళ్ళీ మరాఠీలోకి పోతుందేమోనని భయం.

మనవాళ్ళలో ఇట్లాంటివారు లేరా అని పెద్దోడు అడిగితే రఘుపతి వెంకయ్య గారి గురించి చెప్పాం. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్ళి ఫొటో స్టూడియో పెట్టుకున్నాయన. క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, చిన్న చిన్న చిత్రాలు ఊరూరా చూపించారు. మనలాగే పుట్టిన చోటు వదిలి వచ్చినాయన అని మాకు కాస్త గర్వం.

మేం కూడా బఠాణీ సినిమా తీద్దామని ఆ రాత్రే తీర్మానం అయింది.

మొదటిసారి పెసలు పెట్టాం. పిల్లలు గ్లాసు నిండా నీళ్ళు పోసి అందులో పెసలు మునిగేటట్టు వేసి, రెండు రోజులు ఫొటోలు తీశారు. మూడో రోజుకు కంపు. అవ్వ మంచం మీద నుంచే నవ్వింది. "నీళ్ళల్ల మునిగితే గింజకు ఊపిరాడతదా? తడి ఉండాలె, నీళ్ళుండొద్దు" అంది. గింజకు ఊపిరేమిటని పెద్దోడు మరాఠీలో గొణిగాడు. సైన్సు పుస్తకం తీసి చూపించాం. మొలకెత్తే గింజకు నీళ్ళు, వెచ్చదనం, గాలి మూడూ కావాలని అందులో ఉంది. అవ్వ బడికి పోలేదు. వాడు పుస్తకం మూసి అవ్వ వైపు ఒకసారి చూశాడు.

పెసలు వద్దు, బొబ్బర్లు పెట్టమని చెప్పింది కూడా అవ్వే. "బొబ్బరి మొలక నెత్తి మీద పప్పు మోసుకుంట లేస్తది, మంచిగ కనబడ్తది." ఇది ఎంత నిజమో తర్వాత తెలిసింది. బఠాణీ మొలిస్తే దాని రెండు పప్పు బద్దలూ మట్టిలోనే ఉండిపోతాయి. బొబ్బర్లవి అట్లా కాదు. కాడ కొక్కెంలా వంగి పైకొచ్చి, బద్దల్ని లాక్కుని లేచి, వెలుగు తగలగానే నిటారుగా నిలబడుతుంది. ఫాల్కే గారి బఠాణీ కంటే మా బొబ్బరికే నాటకం ఎక్కువ.

రెండోసారి అంతా సరిగ్గా పెట్టాం గాని, ఫొటోలు తీసే ఫోనుకే కాల్ వచ్చింది. అవ్వ ఎత్తి మాట్లాడి, పెట్టిన చోటే పెట్టానంది. సినిమాలో గ్లాసు ఒక్క ఎగురు ఎగిరి మూలకు పోయింది. అదీ పారేశాం. కాబట్టి మీరు చేసేటప్పుడు సిమ్ము తీసేసిన పాత ఫోను వాడండి. తెర పగిలినా పరవాలేదు, కెమెరా బాగుంటే చాలు.

మూడోసారి పెట్టిన పద్ధతి ఇది. గాజు గ్లాసు లోపల చుట్టూ తడి దూది, దూదికీ గాజుకూ మధ్య ముందు రాత్రి నానబెట్టిన బొబ్బర్లు నాలుగు. అట్లా పెడితే వేరు కిందికి దిగడం కూడా కనిపిస్తుంది. ఫోనును ఖాళీ బాబిన్ల డబ్బాకు నూలుతో బిగించి కట్టాం. చార్జరు తీసే పని లేదు. కిటికీ కుడి పక్క. రాత్రికి ఎదురుగా చిన్న బల్బు. పావుగంటకు ఒక ఫొటో. గంటకు నాలుగు, రోజుకు 96, ఎనిమిది రోజులకు 768. సెకనుకు 12 చొప్పున చూపిస్తే 64 సెకన్లు. ఈ లెక్క చిన్నదే వేసింది, గుణకారం అంటే ఏడ్చేది. మధ్యలో ఒక రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. ఆ ఎనిమిది ఫొటోలు నల్లగా వచ్చాయి. మేం చెమటలు కక్కుతూ విసనకర్రలు ఊపుకున్న రెండు గంటలు, సినిమాలో సెకను కూడా లేవు. కన్నార్పినంత.

ఆరో రోజు పొద్దున ఇంట్లో గొడవ అయింది.

మొలకలు బాగా లేచి, ఆకులు విచ్చుకుని, నాలుగూ కిటికీ వైపు ఒరిగాయి. అవ్వ ఏడు గంటలకు లేచి చూసి, గ్లాసును అటు నుంచి ఇటు తిప్పి పెట్టింది. పెద్దోడు వచ్చి చూసేసరికి మొక్కలు గోడ వైపు ఒరిగి ఉన్నాయి. వాడు అరిచిన అరుపు పక్కింటికి వినిపించింది. ఆరు రోజుల కష్టం పాడు చేశావు, నీకేమీ తెలియదు, ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి, అన్నీ మరాఠీలోనే. అవ్వ ఏమీ అనలేదు. పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నం వద్దంది. వాణ్ణి మేం తిట్టాం, వాడూ అన్నం మానేశాడు. చిన్నది ఒక్కతే తిన్నది, అదీ ఏడుస్తూ. ఒక గ్లాసు బొబ్బర్ల కోసం ఇంట్లో ఇదంతా అవసరమా అని ఆ సాయంత్రం మాలో మేమే అనుకున్నాం. ఫోను విప్పేద్దామనుకున్నాం కూడా. చిన్నదే విప్పనివ్వలేదు. ఇంకా రెండు రోజులుంది, లెక్క తప్పుతుంది అని అడ్డం కూర్చుంది.

ఎనిమిది రోజులయ్యాక ఫొటోలన్నీ కలిపి చూశాం. పెద్దోడు చూడనని తలుపు దగ్గర నిలబడ్డాడు. గింజ ఉబ్బింది, పొట్టు పగిలింది, తెల్లటి వేరు కిందికి దిగింది, కొక్కెం లేచింది, బద్దలు తెరుచుకున్నాయి, ఆకులు వచ్చాయి. కాడలు మెల్లగా కుడికి ఒరిగాయి. టక్కున ఎడమకు ఎగిరాయి, అది అవ్వ తిప్పిన చోటు. ఆ తర్వాత జరిగింది చూసి అందరం నోరు మూసుకున్నాం. నాలుగు మొక్కలూ, ఎవరో పిలిచినట్టు, నిటారుగా లేచి, కుడి వైపుకు, కిటికీ వైపుకు తిరిగి ఒరిగాయి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు వరకు పది గంటలు, 40 ఫొటోలు, మూడు సెకన్ల పైచిలుకు. అంతే.

పెద్దోడు తలుపు దగ్గర నుంచి ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆ మూడు సెకన్లు పది పదిహేనుసార్లు వేసి చూశాడు. అవ్వ తిప్పకపోతే అందులో ఏముంది? మొక్క కుడికి ఒరిగింది, అంతే. గాలికి ఒరిగిందనుకోవచ్చు, బరువుకు ఒరిగిందనుకోవచ్చు. తిప్పినా మళ్ళీ వెలుగు వైపే వచ్చింది కాబట్టి వెలుగు కోసమేనని తేలింది. బడిలో ప్రయోగం అంటే ఇదే కదా, ఒక్కటి మార్చి ఏమవుతుందో చూడడం. కాడకు నీడ పడిన పక్క ఎక్కువ పెరిగి, వెలుగు పక్క తక్కువ పెరిగితే కాడ వెలుగు వైపు వంగుతుందని పుస్తకంలో ఉన్న ముక్క అప్పుడు వాడే వెతికి చదివాడు.

తర్వాత వాడు అవ్వ మంచం దగ్గరికి పోయాడు. మేం వంటింట్లోంచి వింటున్నాం. "అవ్వా, గ్లాసు ఎందుకు తిప్పినవ్?" అన్నాడు. తెలుగులో. తిప్పినవ్ అనే మాట వాడి నోటి నుంచి మేం విన్నది అదే మొదటిసారి. అవ్వ వెంటనే పలకలేదు. కాసేపటికి, "అటే ఒరుగుతుంటే పాపం నడుము విరుగుతదని తిప్పిన కొడుకా. ఊర్ల మా అత్త గిట్లనే తులసి కుండ తిప్పేది" అంది. వాడు సారీ అన్నాడో లేదో మాకు వినిపించలేదు. రాత్రి ఇద్దరూ కలిసి తిన్నారు.

మీకు చూపించిన సినిమాలో మాట అవ్వదే, అది మీరు గుర్తుపట్టారు. దాని వెనక కూడా కథ ఉంది. మాట్లాడమంటే అవ్వ ముందు ఒప్పుకోలేదు. "నాది మోటు తెలుగు, హాల్ల నవ్వుతరు" అంది. ఆమె తెలుగులో మరాఠీ మాటలు కూడా కలుస్తాయి, అది మనందరిదీ అంతే. పిల్లలు పట్టు వదల్లేదు. రాత్రి వేళ ఆకులు కిందికి వాలడం, పొద్దున లేవడం సినిమాలో కనిపించింది, రెక్కలాడించినట్టు. దానికి అవ్వ, "పొద్దుగూకితే అదీ పండుకుంటది" అని మామూలుగా అన్న మాటను చిన్నది దొంగచాటుగా రికార్డు చేసి, సినిమాకు కలిపి వినిపించింది. తన గొంతు విని అవ్వ సిగ్గుపడి, "ఇంకోసారి చెప్తా, దగ్గు వచ్చింది అందుల" అంది. అంతే, ఒప్పుకున్నట్టే.

అవ్వ ఏం చెప్పాలో పెద్దోడు కాగితం మీద రాసిపెట్టాడు. వాడికి తెలుగు అక్షరాలు రావు కదా, బాలబోధ్ లిపిలో రాశాడు. మళ్ళీ చదివి వినిపిస్తే "మోలక", "వేలుగు", "నేత్తి" అని వచ్చింది. అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. మరాఠీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. రాయడానికి గుర్తు లేదు, కాబట్టి వాడు చదివినప్పుడల్లా దీర్ఘమే. మొలక ఎట్లా రాయాలని వాడే అడిగాడు. ఆదివారం క్లాసులో నాలుగు వారాలు దిద్దినా పట్టని అచ్చుల్లో రెండు ఆ రాత్రి పట్టాయి. మిగతా కాగితం అంతా బాలబోధ్‌లోనే ఉంది, మధ్యమధ్యలో మాత్రం తెలుగు ఎ, ఒ. ఆ కాగితాన్ని మేం దాచిపెట్టాం.

హాల్లో వేసిన రోజు మాకు చాలా భయం వేసింది. నారళీ పౌర్ణమి మార్కండేయ రథం పనుల మాటల మధ్యలో, తెల్ల దుప్పటి కట్టి 64 సెకన్లు చూపిస్తామంటే పెద్దలు ఏమంటారోనని. మీరే చూశారు. గ్లాసు తిప్పిన చోట హాలంతా "అరె" అంది. వెనక కూర్చున్న అమ్మలు ఇద్దరు, మా ఇంట్ల చిక్కుడు గిట్లనే పాకేది అని పక్కనున్న పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు తిరిగి ఏదో అడిగారు. అవ్వ మాత్రం ముందు వరసలో కూర్చుని, కళ్ళు సరిగ్గా ఆనక, "ఏమైంది ఇప్పుడు? నిలబడ్డదా?" అని పెద్దోణ్ణి అడుగుతూనే ఉంది. వాడు చెవిలో చెప్తూనే ఉన్నాడు.

యూట్యూబులో ఉన్నాయి కదా అన్న పెద్దాయనకు మా జవాబు ఇదే. ఉన్నాయి. వాటిలో అవ్వ చెయ్యి పడలేదు.

ఇంట్లో అంతా మారిపోయిందని చెప్పడం లేదు. పిల్లలు ఇప్పటికీ కొట్లాడుకునేది మరాఠీలోనే, ఫోను పట్టుకుంటే ఇప్పటికీ గేములే ఎక్కువ. క్లాసుకు పొమ్మంటే ఇప్పటికీ కడుపు నొప్పే. కానీ ఇప్పుడు వాళ్ళకు అవ్వతో పనుంది. చింతగింజ ఎన్నాళ్ళకు మొలుస్తుంది, గ్లాసును అడ్డంగా పడుకోబెడితే వేరు ఎటు పోతుంది, ఇట్లాంటివి ఆమెనే అడుగుతున్నారు. వేరు సంగతి చేసి చూశాం. వంగి మళ్ళీ కిందికే పోయింది. చింతగింజ పెట్టి పదకొండు రోజులైంది, ఇంకా ఏమీ లేదు. అవ్వ ఆగమంటోంది.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఆదివారం తెలుగు క్లాసు గంటలో సగం మాకివ్వండి. వచ్చే ఆదివారం పది గంటలకు హాల్లో గ్లాసులు, దూది మేం పెడతాం. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోను, చార్జరు తీసుకురండి. పిల్లలను ఒంటరిగా పంపొద్దు, ఇంట్లో అవ్వనో తాతనో తోడు పంపండి. నడవలేని వాళ్ళుంటే ఫోన్ చేయండి, మా మోటారు సైకిలు మీద తీసుకొస్తాం. బొబ్బర్లు నానబెట్టే పని అవ్వ తీసుకుంది. ఎంతమంది పిల్లలు వస్తారో శనివారం సాయంత్రం లోపల చెప్పమంటోంది, పిడికెడు ఎక్కువ పోయాలో తక్కువ పోయాలో ఆమెకు తెలియాలి.